ఏరుకు వేసిన తాళం

నాకు నాలుగు భాషలొచ్చని ఎక్కడ సందు దొరికినా చెప్పుకునేదాన్ని. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, జగదల్‌పూర్ హాస్టల్లో చదువుకున్నప్పుడు తోటి పిల్లల దగ్గర అంటుకున్న హల్బీ, ఇరవై ఏళ్ళు నర్సు ఉద్యోగం చేస్తే వచ్చిన ఆస్పత్రి ఇంగ్లీషు. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను. ఎవరైనా పొగిడితే, "ఆఁ, వచ్చుగానీ అవసరానికి రావు" అంటాను. ఎందుకంటానో తెలియాలంటే కిరందుల్ గనుల టౌన్‌షిప్‌లో రెండో అంతస్తు క్వార్టర్లో ఉండే ఒక అవ్వ సంగతి చెప్పాలి.

ముందు నా పని గురించి రెండు ముక్కలు. ఉద్యోగం మానేశాక, ఇళ్ళకు వెళ్ళి పెద్దవాళ్ళ బాగోగులు చూసే పని మొదలుపెట్టాను. చూడటమంటే పక్కన కూర్చుని విసనకర్ర విసరడం కాదు. ఏ డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలి, ఏ మాత్ర ఏ మాత్రతో పడదు, ఇంట్లో చూసుకోవడానికి ఎవరిని పెట్టాలి, పింఛను ఆగకుండా బతికే ఉన్నానని ఇచ్చే కాగితం ఎప్పుడివ్వాలి, స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ ఎంత ఎత్తున బిగించాలి, అన్నీ నావే. వీటన్నిటికంటే పెద్ద పని, ఇంట్లోవాళ్ళ మధ్య తగువులు తీర్చడం. కిరందుల్, బచేలీల్లో నన్ను కేర్ మేనేజర్ అంటారు. దోర్నపాల్ వైపు వెళితే 'బుడ్ఢోఁ వాలీ మేడమ్'. ముసలోళ్ళ మేడమ్ అన్నమాట. నాకు ఆ రెండో పేరే ఇష్టం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మంచం మీద మనిషి కళ్ళు తెరుచుకుని చూస్తుంటే, పక్కవాళ్ళని "ఈమె అన్నం తిందా?" అని అడిగేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండిపోతుంది. "ఆవిడ చెవులు బాగానే ఉన్నాయండీ, ఆవిడనే అడగండి" అని మొహం మీదే అనేస్తాను. డాక్టర్లు, కొడుకులు, కోడళ్ళు, అందరూ నా చేత ఆ మాట పడ్డవాళ్ళే. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు, చివరికి నేనే పడ్డాను.

అవ్వది మరైగూడ వైపు. నలభై ఏళ్ళ కిందట, గోదావరి జిల్లా నుంచి గనిలో పనికొచ్చిన ఒకాయన్ని పెళ్ళి చేసుకుని కిరందుల్ వచ్చేసింది. ఆయన పోయి రెండేళ్ళు. ఒక్కతే కూతురు, టౌన్‌షిప్ బడిలో టీచరు. అల్లుడిది గనిలో షిఫ్టు డ్యూటీ. అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. అమ్మంటే ఆ పిల్లకి ప్రాణం. చలికాలం చివర్లో అవ్వకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి, మాట పడిపోయింది. అప్పుడు నన్ను పిలిచారు.

మొదటి రోజు నా ఫారం నింపాను. నేనే తయారు చేసుకున్న ఫారం, దాని మీద నాకు మహా గర్వం. అందులో మూడో గడి 'భాష'. కూతుర్ని అడిగాను.

"మాది తెలుగే అక్కా, ఇంకేముంటుంది?" అంది.

తెలుగు అని రాసేశాను. అవ్వ మంచం మీద నుంచి నా పెన్ను వైపే చూస్తోంది. ఆవిడనే అడగండి అని ఊరందరికీ చెప్పే నేను ఆవిడని అడగలేదు. మాట లేని మనిషిని ఏమడుగుతాంలే అనుకున్నాను.

నెల తిరిగేసరికి కాలు కాస్త స్వాధీనంలోకి వచ్చింది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేసేది. మాట కూడా వచ్చింది గానీ ముద్దముద్దగా, ఎవరికీ అర్థం కాకుండా వచ్చింది. ఆ ముద్దలో ఒక్క మాట మాత్రం గుండు రాయిలా స్పష్టంగా ఉండేది.

"ఏరు."

ఎడం చెయ్యి ఎత్తి వీధి తలుపు వైపు చూపించి, "ఏరు, ఏరు" అనేది. రోజుకి పదిసార్లు, ఇరవైసార్లు. ఎండలు ముదిరేకొద్దీ అదే జపం.

కూతురు ఏడుస్తూ నాకు చెప్పింది. "నాన్న అస్థికలు కుంట ఊరి దగ్గర శబరి ఏట్లో కలిపాం కదక్కా. ఆ రోజు అమ్మ ఒడ్డున కూర్చుని, నన్నూ ఇక్కడే కలపండి అంది. ఇప్పుడు ఏటికి పోతానంటోంది. అంటే... చచ్చిపోవాలనుకుంటోంది."

నాకూ అలాగే వినిపించింది. తెలుగులో పుట్టిన ప్రతి చెవికీ అలాగే వినిపిస్తుంది.

ఇంట్లో పగలంతా ఉండటానికి నేనొక మనిషిని పెట్టాను. జగదల్‌పూర్ వైపు హల్బీ మాట్లాడే ఆవిడ. చేతులు శుభ్రం, మనసు మంచిది, దొంగబుద్ధి లేదు. తెలుగు రాదు. అవ్వ ఏమంటోందని ఆవిడ అడిగితే, "నదీ కహతీ హై" అని కూతురు చెప్పింది. నదికి పోతానంటోందట! పాపం, ఆవిడా హడలిపోయింది. అవ్వ కాలు కిందపెడితే చాలు, తలుపుకి అడ్డం నిలబడేది.

ఇంకో సంగతుంది. పక్షవాతం వచ్చినవాళ్ళకి నీళ్ళు గబగబా తాగిస్తే గొంతులో అడ్డం పడి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంటుంది. అందుకని మొదట్లోనే ఆవిడకి గట్టిగా చెప్పాను, నీళ్ళు 'థోడా థోడా' ఇవ్వమని. కొంచెం కొంచెంగా, చెంచాతో, మళ్ళీ మళ్ళీ అని నా అర్థం. తక్కువ నీళ్ళు అని ఆవిడ అర్థం. మాత్రలతో రెండు చెంచాలు, అన్నంతో రెండు చెంచాలు. పక్క తడవడమూ తగ్గింది, ఇంట్లో అందరూ బాగుందనుకున్నారు. రోజూ రాసే కాగితంలో 'పానీ - థోడా' అని ఆవిడ రాసేది. అది నేను చూశాను. చూసి, టిక్కు పెట్టాను.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, పనావిడ వంటింట్లో ఉండగా అవ్వ లేచి తలుపు దాకా వెళ్ళి గడప దాటబోయి పడింది. మోకాలు వాచింది. మూడు రోజులకి మళ్ళీ అదే. నేను వెళ్ళేసరికి కూతురు వణికిపోతోంది. రెండో అంతస్తు, ఆ మెట్ల మీద పడి ఉంటే ఏమయ్యేది? బజారుకి వెళ్ళి ఇత్తడి తాళం నేనే కొనుక్కొచ్చి, లోపల గడియకి నా చేతుల్తోనే వేశాను. అవ్వ మంచం మీద నుంచి చూసింది. నన్ను చూసి "ఏరు" అంది, చాలా నెమ్మదిగా, బతిమాలినట్టు.

"లేదవ్వా, ఏటికి పోకూడదు. మేమంతా ఉన్నాం కదా" అని తల నిమిరాను. ఎంత ప్రేమగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

నా మాట మీద డాక్టరు నిద్రమాత్ర రాశారు. అవ్వ మగతలోకి జారింది. లేచినప్పుడల్లా గోడతో మాట్లాడేది, కూతుర్ని గుర్తుపట్టేది కాదు. మతి పోయిందన్నారు. కూతురికి సెలవులన్నీ అయిపోయాయి, మొహం పీక్కుపోయింది. చివరికి కూతురూ అల్లుడూ ఒక నిర్ణయానికొచ్చారు. విశాఖ వైపు, మతి తప్పిన పెద్దవాళ్ళని తలుపులు మూసి జాగ్రత్తగా చూసుకునే చోటు ఒకటుంది. అక్కడికి పంపాలి. అందుకు నా రిపోర్టు కావాలన్నారు. 'ఏటికి పోయి ప్రాణం తీసుకోవాలనే తపన. ఇంట్లో ఉంచడం క్షేమం కాదు. తాళం అవసరం.' అని రాసి, కింద సంతకం పెట్టాను. పై సోమవారం కాక ఆ పై సోమవారం బండి వస్తుందన్నారు. ఒకసారి అక్కడికి వెళితే మళ్ళీ ఈ ఇంటి గుమ్మం చూడదని కూతురికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ వారంలోనే దోర్నపాల్‌లో ఇంకో పెద్దాయన్ని చూడటానికి వెళ్ళాను. నేను పుట్టిన ఊరు అదే. మా నాన్నకి అక్కడ కిరాణా కొట్టుండేది. పదేళ్ళప్పుడు హాస్టల్‌కి వెళ్ళిపోయాను, ఆ తర్వాత చుట్టపుచూపే. ఆ రోజు సంత. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. పెద్దాయన్ని చూసి వచ్చి, రోడ్డు పక్క చాయ్ దుకాణంలో కూర్చున్నాను. ఒక దోర్లా తెగ ఆవిడ, నా వయసే ఉంటుంది, నెత్తి మీద చింతపండు గంప దించి, చెమట తుడుచుకుంటూ చాయ్ దుకాణం అతన్ని అడిగింది.

"దాదా, ఏరు."

అతను తల కూడా ఎత్తలేదు. కుండలో లోటా ముంచి ఆమె చేతికిచ్చాడు. ఆమె గటగటా తాగింది.

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. లేచి వెళ్ళి ఆమె భుజం పట్టుకున్నాను.

"ఏమన్నవ్ ఇప్పుడు?" నాకు తెలియకుండానే మా ఊరి మాట వచ్చేసింది.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళడిగిన. ఏందక్కా, నీళ్ళడిగినా తప్పేనా?"

"నీళ్ళను ఏమన్నవ్?"

"ఏరు. మా దోర్లీ మాటల ఏరంటే నీళ్ళే, మరైగూడ దాకా ఇదే మాట. నువ్వు కిరాణా కొట్టోళ్ళ బిడ్డవే గదా? మా అమ్మ మీ కొట్టు కాడ అడిగి తాగిన ఏరే. మర్సినవా?"

మరిచిపోయాను. చింతపండు తెచ్చిన ఆడవాళ్ళు మా కొట్టు అరుగు మీద కూర్చుని ఏరు అడగడం, మా నాన్న చెంబు ముంచి ఇవ్వడం, అంతా కళ్ళ ముందే ఉన్నదే. నాలుగు భాషలు నేర్చుకునే సందడిలో ఐదోది ఎక్కడో జారవిడుచుకున్నాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నా దగ్గరున్న మాటనే నేను పోల్చుకోలేకపోయాను. బల్ల మీద కూలబడ్డాను. ఆ చింతపండు ఆవిడే భయపడి లోటాతో నాకు నీళ్ళిచ్చింది.

ఫోను తీసి అవ్వ కూతురికి కొట్టాను. భోజనానికొచ్చి ఇంట్లోనే ఉంది. "స్పీకర్ పెట్టి అవ్వ చెవి దగ్గర పెట్టమ్మా. ఏమీ అడగకు, పెట్టు" అన్నాను. ఫోను చింతపండు ఆవిడ చేతికిచ్చి, అటువైపు ఒక పెద్దామె ఉంది, మీ మాటలో పలకరించు అన్నాను. ఆమె సంతలో కేకేసినట్టే గట్టిగా వాళ్ళ భాషలో ఏదో అడిగింది.

మళ్ళీ అడిగింది. అప్పుడొచ్చింది అవ్వ గొంతు. ముద్దముద్దగానే, కానీ ఆగకుండా. మూడు నెలల మాటలు ఒక్కసారే కట్ట తెగినట్టు వచ్చాయి. చింతపండు ఆవిడ "ఆఁ, ఆఁ" అంటూ విన్నది. వింటూ వింటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీళ్ళడిగితే తలుపు మూస్తుండ్రంట. తాళం ఏస్తుండ్రంట. ఏందక్కా ఇది? ఎవ్వలు వాళ్ళు? మనుషులేనా?"

"నేనే" అన్నాను.

నేను ఫోను తీసుకున్నాను.

"అమ్మని నిటారుగా కూర్చోబెట్టు. గడ్డం కిందికి వంచి, చెంచాతో నీళ్ళు పట్టు. ఒకటి మింగాక ఇంకోటి. ఆమె చాలనేదాకా ఆపొద్దు."

"అక్కా, ఏం చెప్తున్నారు మీరు?"

"ఏరంటే నీళ్ళమ్మా. మీ అమ్మ భాషలో ఏరంటే మంచినీళ్ళు."

తర్వాత ఆ పిల్ల అన్న మాట నేను పోయేదాకా మర్చిపోను. "కుండ వరండాలో ఉంటుంది కదక్కా. తలుపు బయటే కదా కుండ. అమ్మ కుండ దగ్గరికి వెళ్ళిందక్కా."

అంతే. ఏటికీ కాదు, చావుకీ కాదు. నాలుగడుగుల దూరంలో ఉన్న కుండ దగ్గరికి. ఆ కుండకీ ఆ మనిషికీ మధ్య నేను ఇత్తడి తాళం వేశాను.

సాయంత్రానికి కిరందుల్ చేరాను. తాళం తీసి ఉంది, కూతురు కళ్ళు వాచి ఉన్నాయి. నేను నిలబడే చెప్పాను. భాష గడిలో అడక్కుండా రాసింది నేను, థోడా థోడా అని సరిగ్గా చెప్పనిది నేను, ఆ కాగితం చూసి టిక్కు పెట్టింది నేను, తాళం కొన్నది నేను, తప్పుడు రిపోర్టు మీద సంతకం పెట్టింది నేను అన్నాను. పనావిడది ఏ తప్పూ లేదని కూడా చెప్పాను. ఆవిడ మూలన కూర్చుని ఏడుస్తోంది.

"మా అమ్మ దాహమంటే మేము చావనుకున్నాం" అంది కూతురు. ఆ తర్వాత నన్ను చాలా మాటలంది. ఒక్కటీ అబద్ధం కాదు, అందుకని అన్నీ పడ్డాను. అన్నీ అయ్యాక, "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అంది. ఆ ఒక్క మాటతో నాకు మళ్ళీ ఊపిరొచ్చింది.

విశాఖ వాళ్ళకి ఫోన్ చేసి, నా రిపోర్టు తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. వాళ్ళేమీ విసుక్కోలేదు. అనుకున్న సోమవారం ఎలాగూ తమ మేడమ్ బండితో వస్తారు, ఆమె స్వయంగా చూస్తారు అన్నారు. అల్లుడు కూడా సూటిగానే అడిగాడు. "నీళ్ళు తాగితే మతి వచ్చేస్తుందా అక్కా? మేమిద్దరం డ్యూటీలకి పోవాలి. సోమవారానికి ఆవిడ ఇంట్లో క్షేమంగా ఉండగలదని మీరు నాకు చూపిస్తే పంపను. లేకపోతే పంపక తప్పదు." న్యాయమైన మాటే. నా చేతిలో పది రోజులున్నాయి.

మర్నాడే డాక్టర్ని ఇంటికి తీసుకొచ్చాను. ఒంట్లో నీరు తగ్గిపోయింది, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉంది, ఈ వయసులో ఆ రెండూ చాలు మతి తిరగడానికి అన్నారాయన. నిద్రమాత్ర ఆపేశారు. అవ్వ పక్షవాతంలో తెలుగూ హిందీ జారిపోయి ఉంటాయని, మొట్టమొదట నేర్చిన భాష మాత్రం మిగిలి ఉంటుందని, అలా జరుగుతుందని చెప్పారు. అది నేనూ చదువుకున్నదే! పుస్తకంలో చదువుకున్నాను, మంచం మీద చదవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గుమ్మంలో చింతపండు ఆవిడ ప్రత్యక్షమైంది. సంతలో నేను చెప్పిన గుర్తులు పట్టుకుని బస్సులు మారి మారి వచ్చింది. చంకలో ఒక మూట, చేతిలో ఎండిన సొరకాయ బుర్ర. పొలానికి నీళ్ళు తీసుకెళ్ళే తుంబా.

"ఇంట్ల చెప్పి వచ్చిన. నాలుగొద్దులుంట" అని, నన్ను దాటుకుని నేరుగా అవ్వ దగ్గరికి పోయి నేల మీద చతికిలబడింది.

ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో దోర్లీ గలగలలాడింది. అవ్వ తన పెళ్ళయిన కొత్తలో భర్త చుట్టాల ముందు ఒక మాట వాళ్ళ భాషలో అంటే అందరూ పడీ పడీ నవ్వారట. ఆ రోజు నుంచి నోరు కుట్టేసుకుంది. సొంత కూతురికి కూడా ఒక్క మాట నేర్పలేదు. అది విని కూతురు లేచి వెళ్ళి, బడి నుంచి తెచ్చిన పెద్ద చార్టు గోడకి అంటించింది. తెలుగు అక్షరాలతో అమ్మ మాటలు రాయడం మొదలుపెట్టింది. నొప్పికో మాట, ఆకలికో మాట, చాలు అనడానికో మాట. ఆ పిల్ల పలుకుతుంటే తప్పు పోయినప్పుడల్లా అవ్వ నోరు ఒక పక్కకి వంకర తిరిగేది. అది నవ్వని మాకు రెండో రోజుకి గాని అర్థం కాలేదు.

గ్లాసు అవ్వ ఎడం చేతిలో జారిపోయేది. తుంబా మెడ సన్నగా ఉంటుంది కదా, చక్కగా పట్టు దొరికింది. కుండ లోపలికి వచ్చి, మంచానికి నాలుగడుగుల్లో ఎత్తు పీట మీద కూర్చుంది. గోడకి కడ్డీ బిగించాను. తాళం ఉన్న చోట ఆవు మెడలో కట్టే గంట వేలాడదీశాను. తలుపు కదిలితే చాలు ఇల్లంతా మోగుతుంది, ఎవరినీ బంధించదు. పనావిడ చింతపండు ఆవిడ దగ్గర కూర్చుని దోర్లీ మాటలు నేర్చుకుంది, హల్బీ యాసలో. ఒకరి మాట ఒకరు వెక్కిరించుకుంటూ నవ్వుకునేవాళ్ళు. నాలుగొద్దులయ్యాక చింతపండు ఆవిడ తుంబాని అవ్వకే వదిలి ఊరికి వెళ్ళిపోయింది.

నా ఫారంలో మూడో గడి కొట్టేశాను. ఇప్పుడక్కడ 'చిన్నప్పుడు మిమ్మల్ని ఏ భాషలో తిట్టేవారు?' అని ఉంటుంది. చదివి అందరూ నవ్వుతారు, నవ్వాక నిజం చెప్తారు.

సోమవారం వచ్చింది. పొద్దున పదింటికి కింద బండి ఆగిన చప్పుడు. విశాఖ మేడమ్ మంచావిడే, తెలుగు మనిషి. ఎర్ర దుమ్ము కొట్టుకుపోయిన చెప్పులు గుమ్మంలో విడిచి, ఎండకి రొప్పుతూ వచ్చి కుర్చీలో కూర్చుంది. అల్లుడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. డ్యూటీకి సెలవు పెట్టి మరీ ఉన్నాడు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉంది.

మేడమ్ ఫారం తీసి కూతుర్ని అడిగింది. "ఈవిడ మనుషుల్ని గుర్తుపడుతున్నారా?"

నేను నోరు తెరవబోయాను. కూతురే అంది. "అమ్మ ఎదురుగానే ఉంది మేడమ్. ఆవిడనే అడగండి."

నా మాటే! నా కళ్ళు చెమర్చాయి. మేడమ్ సర్దుకుని అవ్వ వైపు తిరిగింది. కూతురు చార్టు వైపు చూసుకుంటూ తడబడుతూ దోర్లీలోకి మార్చి చెప్పింది. అవ్వ కూతుర్ని చూపించింది, అల్లుణ్ణి చూపించింది, పనావిడని చూపించింది. నన్ను చూపించి, గాల్లో తాళం తిప్పినట్టు ఎడం చెయ్యి తిప్పింది. అల్లుడు ఫక్కున నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చాను, సంతోషంతో బతికాను.

"మాతో వచ్చి మా దగ్గర ఉంటారా అమ్మా?" అని మేడమ్ అడిగింది. కూతురు ఆ ప్రశ్నని కూడా మార్చి చెప్పింది.

"ఇల్లె" అంది అవ్వ.

"ఇల్లే అంటున్నారు" అని మేడమ్ తలూపుతూ రాసుకుంది. "ఇంట్లోనే ఉంటానంటున్నారు. బాగానే అర్థమైంది."

వాళ్ళ భాషలో ఇల్లె అంటే కాదు, లేదు అని. నేను సరిదిద్దబోయి ఆగిపోయాను. ఒక మాట మమ్మల్ని ముంచితే ఇంకో మాట తేల్చింది. ఏ భాషలో విన్నా అవ్వ చెప్పిందొకటే.

మేడమ్ పెన్ను మూత పెడుతూ దగ్గింది. మెట్లెక్కి వచ్చిన దగ్గరి నుంచి ఆమె గొంతు ఎండిపోయి ఉంది, మా గొడవలో పడి మేమెవ్వరమూ గమనించలేదు. గమనించింది అవ్వ. మంచం పట్టీ పట్టుకుని లేచింది. పనావిడ లేవబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. అవ్వ కడ్డీ పట్టుకుని ఒకటి, రెండు, మూడు, నాలుగు అడుగులు వేసింది. పీట మీద తుంబా ఎడం చేత్తో మెడ పట్టి ఎత్తి, లోటాలోకి వంచింది. కొంచెం ఒలికింది. ఎవ్వరమూ కదల్లేదు. తుంబా దించి, లోటా తీసుకుని, గోడకి భుజం ఆనిస్తూ వచ్చి మేడమ్ ముందు చాపింది.

"ఏరు."

మేడమ్ రెండు చేతులా అందుకుని ఆపకుండా తాగింది. తాగి, ఫారం మడిచి సంచిలో పెట్టేసుకుంది. "ఇంటికొచ్చినవాళ్ళ దాహం చూసేవాళ్ళకి మా తలుపులెందుకండీ?" అని లేచింది. అల్లుడు, ప్రయాణానికని గుమ్మం బయట తీసిపెట్టిన అవ్వ చెప్పులు తెచ్చి మంచం కింద సర్దాడు. కింద బండి ఖాళీగా వెనక్కి తిరిగిన చప్పుడు వినపడగానే కూతురు అమ్మ మెడ పట్టుకుని బావురుమంది. పనావిడ గంట పట్టుకుని చిన్నపిల్లలా మోగించింది.

నాకూ గొంతు ఆర్చుకుపోతోంది. చెయ్యి చాపాను. "అవ్వా, నాకూ?"

అవ్వ నన్ను చూసింది. చాలాసేపు చూసింది. చాపిన చెయ్యి అలాగే ఉంచాను, అది నాకు పడాల్సిన శిక్షే. అప్పుడు ఆవిడ మళ్ళీ నాలుగడుగులు వెళ్ళి, లోటా నింపి, నా చేతిలో పెట్టింది. పెట్టి వదల్లేదు. నా కళ్ళలోకి చూస్తూ, బొత్తిగా చదువు రాని పిల్లకి చెప్పినట్టు, మూడు నెలల తర్వాత మొదటిసారి తెలుగులో, ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది.

"నీ... ళ్ళు."